నేను సరిచేసిన తేదీ

ఆ ల్యాప్‌టాప్ నా దగ్గరికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. మొదట విశాఖపట్నం ఆఫీసులో బ్యూరో చీఫ్ వాడారు. ఆయనకు కొత్తది రాగానే దీన్ని డెస్కుకి ఇచ్చారు. డెస్కులో టీ గ్లాసుల మధ్య రెండేళ్లు బతికాక, ఇక పనికిరాదని తేల్చి, అరకు విలేకరికి ఇచ్చేయమన్నారు. ఆ విలేకరిని నేను. "కొండ మీద నీకిది చాల్లే" అంటూ చేతిలో పెట్టాడు సబ్ ఎడిటర్. నిజానికి నేను సంతోషించాను. తొంభైల్లో వార్త చేత్తో రాసి, కవర్లో పెట్టి, విశాఖ వెళ్లే బస్సు కండక్టరు చేతికో పాసింజరు రైలు గార్డు చేతికో ఇచ్చి, అటునుంచి ఎవరైనా వచ్చి తీసుకుంటారని ఆశపడిన వాణ్ని. ఘాట్‌లో కొండచరియ విరిగిపడిందంటే, ఆ వార్త కూడా ఆ చరియ అవతలే ఆగిపోయేది.

సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. మీట నొక్కి, స్నానం చేసి వచ్చినా తెర మీద ఇంకా ఇసుక గడియారమే కనిపించేది. నాలుగు పేరాలు కొడితే బిగుసుకుపోయేది. బాగు చేయించమని ఆఫీసుకి పంపితే పదిహేను రోజులు పట్టింది. తిరిగొచ్చాక చూస్తే జబ్బు అలాగే ఉంది, అడుగున ఉండాల్సిన రెండు స్క్రూలు మాత్రం లేవు. అప్పుడే నిర్ణయించుకున్నాను, నేనే విప్పుదామని. నా స్కూటరు నేనే విప్పుకునేవాణ్ని, ఇంట్లో రేడియో నేనే విప్పాను. ఇది మాత్రం ఎంత అనుకున్నాను. మీలో యంత్రాలు విప్పే అలవాటున్న వాళ్లకి ఆ 'ఎంత' అన్న మాట తెలుసు.

విశాఖ వెళ్లినప్పుడు పాత కంప్యూటర్ సామాను అమ్మే ఒక దుకాణంలో చచ్చిపోయిన అదే మోడల్ ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది. దానిలోంచి ర్యామ్ ముక్క తీయించుకున్నాను. ఇంకాస్త పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి కొని, అందులో విండోస్ కూడా అక్కడే ఎక్కించుకున్నాను. జూలై మొదటి ఆదివారం, మా ఆవిడ చర్చికి వెళ్లాక, వసారాలో చాప వేసుకుని కూర్చున్నాను. వాన సన్నగా పడుతూనే ఉంది. మా పేపరే ఒకటి పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీశాను. ఎక్కడి స్క్రూ తీస్తే బొమ్మలో అక్కడే పెట్టాలి. ఈ పద్ధతి నేనే కనిపెట్టుకున్నాను, ఇప్పటికీ మంచిదే. మిగిలినదాని గురించి అంత నమ్మకంగా చెప్పలేను.

మా ఆవిడ తిరిగి వచ్చేసరికి పొట్ట విప్పిన యంత్రం ముందు బ్రష్షుతో కూర్చుని ఉన్నాను.

"ఇంత దుమ్ముందా లోపల," అంది. "మీ వార్తలన్నీ ఇందులోంచేనా వెళ్లేవి."

"డెస్కు దుమ్ము అది. నాది కాదు."

"దేవుడా, మళ్లీ మూస్తారా దీన్ని?"

మూశాను. అంతకు ముందు ఒకటి జరిగింది. హార్డ్ డిస్క్ లాగుతుంటే పక్కనే పసుపు ప్లాస్టిక్ చుట్టిన బిళ్ల ఒకటి, ఎరుపు నలుపు తీగలతో సహా, ఊడి చేతికి వచ్చింది. రూపాయి బిళ్లంత బ్యాటరీ. మళ్లీ గుచ్చాను. మీట నొక్కగానే ఒక కూత వేసి, తెర మీద ఇంగ్లీషులో తేదీ సరిచూసుకోమని అడిగింది. ఏదో మీట నొక్కి ముందుకు పోయాను. నా ఆత్రమంతా ఎంత వేగంగా తెరుచుకుంటుందన్న దాని మీదే. స్నానం కాదు, ముఖం కడుక్కునేలోపే తెరుచుకుంది. కుడివైపు మూలన మాత్రం గడియారం రెండు వేల సంవత్సరం జనవరి ఒకటి అంటోంది. బ్యాటరీ ఊడితే లోపలి గడియారం తాను పుట్టిన రోజుకి వెళ్లిపోతుందట, అక్కణ్నుంచి మళ్లీ నడుస్తుందట. అదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు చూశాను, నవ్వుకున్నాను, వదిలేశాను.

ఎందుకు వదిలేశానో మీకు చెప్పాలి. పేపరువాడికి తేదీ అంటే వార్త మొదట్లో ఊరి పేరు పక్కన వేసేది. అది చేత్తో వేస్తాం. యంత్రం ఏమనుకుంటే మనకేం. రెండు నిమిషాల పని. నేను చెయ్యలేదు.

ఆ నెలంతా నా గురించి నేనే గొప్పగా చెప్పుకున్నాను. ఇంకో పేపరుకి రాసే మిత్రుడు ఒకడు ఉండేవాడు, శృంగవరపుకోట వైపువాడు. రోజూ మార్కెట్ పక్క టీ దుకాణంలో కలిసేవాళ్లం. "ఏటి డాట్టరుగారూ, పేషంటు బతికినాదా?" అని మొదలుపెట్టాడు. బతికిందని తెలిశాక వాడి ల్యాప్‌టాప్ కూడా తెచ్చి నా ముందు పెట్టాడు. అదీ విప్పాను, అదీ బాగుపడింది. అప్పటికి నాకు అరకులో తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లలో రాసిన వార్తలకి ఎవరూ పెట్టని పేరు, రెండు యంత్రాలకి వచ్చింది.

ఆగస్టు రెండో శుక్రవారం సంత రోజు. మధ్యాహ్నం ఒకావిడ మా ఇంటికి వచ్చింది. మండలానికి దూరంగా, జీపు కూడా పోని గూడెంలో ఆరోగ్య కార్యకర్త. ముప్పై ఏళ్లుంటాయి. మా ఆవిడ నాకంటే ముందు నుంచీ ఇక్కడి బడిలో టీచరు, పదో తరగతి దాకా ఈమె ఆవిడ దగ్గరే చదివింది, అందుకే మా ఇంటికి చనువు. ఊళ్లో వాళ్లకి మాత్రలివ్వడం, జ్వరమొస్తే గాజుపలక మీద రక్తం చుక్క తీసి కింద ఆరోగ్య కేంద్రానికి పంపడం ఆమె పని. గొడుగు గుమ్మం దగ్గర పెట్టి, నేల మీద కూర్చుంది.

"పై గూడెంలో జరాలు బాబూ. పదకొండు మంది పడిపోనారు. రగతం తీసి పంపినాను, ఏటొచ్చిందో సెప్పనేదు. మాత్రలు అయిపోనాయి. మూడుసార్లు దిగి సెప్పినాను. గుమస్తా 'సూద్దాం, సూద్దాం' అంటాడు. డాట్టరుబాబు వొక్కసారి పైకి రావాల."

"పైవాళ్లకి ఫోన్ చేయనా?" అన్నాను.

"వొద్దు. కాయితం రాసియ్యండి. నోటితో సెప్తే గాలికి పోతంది. కాయితమైతే ఫైల్లో ఉంటాది గదా."

ల్యాప్‌టాప్ తెరిచి ఆమె చెప్పినట్టే కొట్టాను. పదకొండు మంది, వాళ్లలో ఆరుగురు పిల్లలు, మాత్రలు లేవు, పరీక్షల ఫలితం రాలేదు, డాక్టరుగారు వెంటనే రావాలి. తేదీ అన్న చోట ఖాళీ వదిలాను. ప్రభుత్వ ఆఫీసుల్లో ఉత్తరాలు చూసిన వాళ్లకి ఇది తెలుసు. టైపు చేసిన రోజు వేరు, సంతకం పెట్టే రోజు వేరు. మధ్యలో ఆగితే మళ్లీ కొట్టక్కర్లేకుండా తేదీ పెన్నుతో వేసుకుంటారు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. నా పాత ప్రింటరు ఒక కాగితం తీసింది, అక్షరాలు సగం వెలిసిపోయాయి. ఆమె తేదీ వేసి, సంతకం పెట్టి, అడిగింది.

"ఇంకోటి తీస్తారా బాబూ? నా కాడ ఉంచుకుంటాను."

"ఎందుకులే, ఇందులో ఉంటుంది. ఇది ఎక్కడికీ పోదు" అన్నాను, మూత మీద తట్టి.

రెండో కాగితం తీసి, దాని మీద అందినట్టు ఆఫీసు ముద్ర వేయించుకోమని ఆమెకి చెప్పాల్సిన వాణ్ని నేను. ఏ ఆఫీసులో ఏ కాగితం ఎలా మాయమవుతుందో తొమ్మిదేళ్లుగా రాస్తున్న వాణ్ని. చెప్పలేదు. కాగితం గుమస్తా చేతిలో పెట్టి బస్సు అందుకోవాలని ఆమె లేచింది.

వార్త రాయలేదా అని మీరు అడుగుతారు. పైకి వెళ్లి, చూసి, బాగా రాద్దామనుకున్నాను. వారంలో ఒక పెద్దమనిషి పర్యటన వచ్చిపడింది. ఆయన ఎక్కడ కాఫీ తాగారో, ఏ మొక్క నాటారో రాశాను. తర్వాత వానలు. నాలుగు లైన్లు ఇంట్లో కూర్చునే రాసి ఉండవచ్చు. నాలుగు లైన్ల వార్త నా స్థాయికి తక్కువ అనిపించింది.

ఆగస్టు ఆఖరికి పై గూడెంలో అయిదుగురు పోయారు. ముగ్గురు పిల్లలు. అప్పుడు అందరం కొండెక్కాం. నా వార్త జిల్లా పేజీలో పైన వచ్చింది, ఫోటోతో. బ్యూరో నుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చింది.

మూడో రోజు అధికారుల ప్రకటన. గ్రామ ఆరోగ్య కార్యకర్త జ్వరాల సంగతి సకాలంలో తెలియపరచలేదు, ఆమెపై విచారణ. ఆరోగ్య కేంద్రం గుమస్తా, అలాంటి ఉత్తరమేదీ తనకు అందలేదని రాసిచ్చాడు. ఆ సాయంత్రమే ఆమె వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"ఉజ్జోగం పోతే పోనీ బాబూ. పై గూడెంలో ఆళ్లు ఏటంటన్నారో తెలుసా? నాను కిందికి సెప్పనేదంట. సెప్పుంటే పిల్లగుంటలు బతికుందురంట. నా కూడా పుట్టిన తమ్ముడే మాటాడ్డం మానేసినాడు. మీ దాంట్లో ఉందన్నారు గదా. సూపించండి."

"ఉంది. విచారణకి నేనే తీసుకొస్తాను" అన్నాను.

ఆమె వెళ్లాక తెరిచి చూశాను. ఉత్తరం ఉంది. తేదీ చోట ఖాళీ. ఫైలు పక్కన యంత్రం వేసుకున్న తేదీ, రెండు వేల సంవత్సరం, ఫిబ్రవరి పది.

మర్నాడు టీ దుకాణంలో మిత్రుడికి చెప్పాను. వాడు గ్లాసు తిప్పుతూ ఆలోచించాడు.

"నీకు బుర్రుందేటి గురూ. అయిదేళ్ల కిందటి కాయితం పట్టుకెళ్తే నవ్వుతారు. గడియారం ఆగస్టుకి తిప్పు. ఫైలు మళ్లీ సేవ్ కొట్టు. గడియారం ముందుకి తెచ్చీ. అయిపోనాది."

"అది దొంగపని కాదా?"

"ఏటి దొంగపని? ఆ రోజు రాసినావా నేదా? రాసినావు. ఆ తేదీయే వేత్తన్నావు. అబద్దం ఆ గడియారం సెప్తంది, నువ్వు కాదు. ఆ మనిషి ఉజ్జోగం పోయే కాడ నీకు నీతులేటి?"

వాణ్ని తప్పుపట్టను. వాడు నా నోటి నుంచి రావాల్సిన మాట తానే అన్నాడు. ఇంటికెళ్లాను. మధ్యాహ్నం భోజనానికి ముందే పని అయిపోయింది. గడియారాన్ని ఆగస్టు రెండో శుక్రవారానికి తిప్పాను. ఉత్తరాన్ని కొత్త పేరుతో దాచాను. పాతది చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. నేను చేసే పని శుభ్రంగా చేస్తాను. తర్వాత గడియారాన్ని ఆ రోజుకి తెచ్చాను. జూలైలో చెయ్యని రెండు నిమిషాల పని సెప్టెంబరులో చేశాను.

విచారణ మండల ఆఫీసులో. విశాఖ నుంచి వచ్చిన అధికారి పెద్దాయన, నెమ్మదస్తుడు. అందరి మాటా వింటున్నాడు. అందువల్లే నాకు ధైర్యం కలిగింది. ఆమె ఒక మూల బెంచీ మీద, గుమస్తా ఇంకో మూల. నేను ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఉత్తరం తెరిచాను. ఆయన మొత్తం చదివాడు, రెండుసార్లు.

"ఇది నిజమైతే ఈమె తప్పేమీ లేదు" అన్నాడు. ఆమె తలెత్తి చూసింది.

"ఆగస్టులోనే రాశారనడానికి?"

"ఫైలు తేదీ చూడండి సార్."

ఆయన తనకి ఈ యంత్రాల సంగతి తెలియదని, ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని పిలిపించాడు. నలభై దాటిన ఆవిడ, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. పొద్దున్నించీ రేషన్ కార్డులు ఎక్కిస్తూ విసిగిపోయి ఉంది. నిలబడే చూసింది. ఉత్తరం మూసి, అది ఉన్న ఫోల్డర్ తెరిచింది. ఫైళ్లన్నీ తేదీల వరసలో పేర్చింది. నేను ఆ ఫోల్డర్‌ని కొత్త డిస్కు వేసిన రోజు నుంచి వాడుతున్నాను. రెండు నెలల వార్తలు ఉన్నాయి.

"సార్, ఇందులో ఉన్న వార్తలన్నీ రెండు వేల సంవత్సరం చూపిస్తున్నాయండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఈ ఆగస్టు తేదీ ఈ ఉత్తరానికి ఒక్కదానికే ఉంది."

"అదేమిటి?" అన్నాడు ఆయన నావైపు తిరిగి.

బ్యాటరీ సంగతి చెప్పాను. నేనే విప్పానని, బిళ్ల ఊడిందని, గడియారం వెనక్కి పోయిందని. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఆగస్టులో గడియారం తప్పుగా ఉంది."

"అవును సార్."

"మరి ఈ ఒక్క ఉత్తరానికి సరిగ్గా ఎలా ఉంది?"

ల్యాప్‌టాప్ నావైపు తిప్పుకున్నాను.

"నేను మార్చాను సార్. అసలు తేదీ కనబడాలని."

"ఎప్పుడు?"

"మొన్న."

"పాతది ఉందా?"

"తీసేశాను."

ఆయన పెన్ను తీసి రాసుకున్నాడు. కోపంగా లేడు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. గుమస్తా కిటికీలోంచి బయటికి చూస్తూ, "పేపరోళ్లు ఏదైనా సేత్తారండి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆమె బెంచీ మీంచి వంగి అడిగింది. "ఏటైంది బాబూ? సూసినారు గదా, ఏటన్నారు?"

నేను ల్యాప్‌టాప్ మూతపెట్టే పనిలో ఉన్నట్టు నటించాను.

బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆపరేటర్ వచ్చింది. అటూ ఇటూ చూసి, మెల్లగా అంది.

"ముట్టుకోకుండా తేవలసింది కదండీ."

"ఫిబ్రవరి పది, అదీ అయిదేళ్ల కిందటి తేదీ అండీ. ఎవరు నమ్ముతారు?"

"మీ వార్తలు మర్నాడే పేపర్లో పడతాయి కదా. కటింగులు ఉంటాయి కదా మీ దగ్గర. ఫిబ్రవరి తొమ్మిదో తారీకు ఫైలు ఏ రోజు పేపర్లో వచ్చింది, పదకొండో తారీకుది ఏ రోజు వచ్చింది, పక్కపక్కన పెట్టి చూపిస్తే సరిపోయేది. గడియారం తప్పు పెట్టినా నడవడం సరిగ్గానే నడిచింది. ఉత్తరం ఆ రెండు వార్తల మధ్యన ఉండేది. ఆ మధ్య రోజు ఏదో చిన్నపిల్లైనా చెప్తుంది. నేను సార్‌కి అదే చెప్పబోయాను. తీరా చూస్తే ఉత్తరం ఆ వరసలోనే లేదు."

ఆపరేటర్ తన గదికి వెళ్లిపోయింది. నేను కుళాయి కట్టేశానో లేదో గుర్తులేదు. ఇంటికెళ్లి కటింగుల పుస్తకం తీసి చూశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టే సరిపోయింది. తొమ్మిదో తారీకుది కాఫీ మొక్కల వార్త, అది ఆ శుక్రవారం పేపర్లోనే వచ్చింది. పదకొండోది వంతెన గురించి, అది ఆదివారం వచ్చింది. ఆ మధ్యలో ఖాళీ. అదొక్కటీ ఖాళీ.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు నన్ను సలహా అడిగితే నేను ఈ సంగతి చెప్పను. ఇతరుల తప్పులు దొరకబుచ్చుకున్న కథలు చెబుతాను, వాళ్లకవే ఇష్టం. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఒక్క మాట. తప్పుగా ఉన్న సాక్ష్యం తప్పుగానే ఉండనివ్వండి. దాన్ని బాగుచేసే అర్హత మీకుందని మీ చేతులు మీకు చెబుతాయి. నా చేతులు చెప్పాయి.

పదిహేను రోజులకి ఆ ఆరోగ్య కార్యకర్తను తీసేశారు. బ్యూరో నుంచి ఫోన్ వచ్చింది, ప్రకటన అందిందట, ఆరు లైన్లు పంపమన్నారు. పంపాను. 'ఆమె సమర్పించిన పత్రం విశ్వసనీయం కాదని విచారణలో తేలింది' అన్న వాక్యం ప్రకటనలోది, నేను మార్చలేదు. ఆ పత్రం ఎవరి ఇంట్లో తయారయిందో అందులో లేదు. నేనూ చేర్చలేదు. పేపర్లో నా పేరు లేకుండా వచ్చింది. ఆ రోజు దానికి సంతోషించాను.

మా ఆవిడకి మొత్తం చెప్పాను. అంతా విని, "పిల్లకి వెళ్లి చెప్పండి" అంది. వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

జనవరిలో వెళ్లాను. కాఫీ పళ్లు కోసే రోజులు. ఆమె గూడెం పక్క తోటలో, నడుముకి బుట్ట కట్టుకుని కోస్తోంది. నన్ను చూసి ఆగలేదు, కోస్తూనే పలకరించింది. మా ఆవిడ బాగుందా అని అడిగింది. తన స్థానంలో కొత్తమ్మాయిని వేశారని, మంచి పిల్లేనని, కానీ రాత్రి జ్వరమొస్తే ఇప్పటికీ తన తలుపే కొడతారని చెప్పింది.

"ఏటిమ్మంటారు, నా కాడ మాత్రల్నేవు. తడిగుడ్డ వేసి కూకుంటాను."

"మీ తమ్ముడు?"

"మాటాడ్డు."

నేను చెప్పాల్సింది మనసులో వరసగా పెట్టుకునే వెళ్లాను. కటింగులు, కాఫీ మొక్కల వార్త, వంతెన వార్త, మధ్యలో ఖాళీ. ఆమె బుట్టలోంచి పచ్చికాయ ఒకటి ఏరి పారేసి, నావైపు తిరిగింది.

"వొక మాట అడుగుతాను బాబూ. ఆ రోజు మీరు తేదీ మార్చకుండా, ఎలాగున్నది అలాగే సూపించుంటే ఒప్పుకుందురా ఆళ్లు?"

ఎండ కొమ్మల మధ్య నుంచి ఆమె ముఖం మీద పడుతోంది. ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నాలుగు నెలలుగా దాచుకున్న ప్రశ్న అని తెలుస్తూనే ఉంది.

"ఒప్పుకునేవాళ్లు కాదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. ముఖంలో ఏదో బిగువు వదిలినట్టయింది.

"నానూ అదే అనుకున్నాను. మాలాంటోళ్ల మాట ఎలాగూ ఒప్పుకోరు. మా ఇంట్లో అందరూ మిమ్మల్ని తిట్టినారు, నాను ఒప్పుకోనేదు. మీరు నా మంచికే సేసినారు. మీ తప్పేటి నేదు బాబూ."

నేను సరేనన్నట్టు తల ఊపాను.